పాలమూరులో పూలపిల్ల

1984 జూలైలో పాలమూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణానికి ఆంగ్లోపన్యాసకుడిగా బదిలీ అయి వెళ్ళినప్పుడు, నా సామానులో నేను ప్రాణప్రదంగా చూసుకున్న వస్తువులు రెండు. ఒకటి క్యాసెట్లు వేసుకునే టేపు రికార్డరు. రెండవది బెర్నార్డ్ షా రచించిన ‘పిగ్మేలియన్’ నాటకం, అట్ట ఊడిపోయిన పాత ప్రతి. నాతో మూడవది కూడా ఒకటి వచ్చింది కాని దానిని నేను సామానుగా లెక్కించలేదు. అది నా తెలుగు. తెనాలిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మాట్లాడేదే తెలుగనీ, తక్కినవన్నీ దాని యాసలనీ నాకు ఎవరూ పనిగట్టుకుని నేర్పలేదు. ఊపిరి పీల్చడం ఎవరు నేర్పుతారు?

అంతకు ముందటి సంవత్సరం హైదరాబాదులో ఉచ్చారణశాస్త్రంలో కొంతకాలం శిక్షణ పొందాను. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా ఆరంభమై, ఇప్పుడు విశ్వవిద్యాలయంగా ఉన్న చోట. చేతిలో అద్దం పట్టుకుని నాలుక ఎక్కడ తగులుతున్నదో, పెదవులు ఎంత గుండ్రమవుతున్నవో చూసుకుంటూ సాధన చేయించేవారు. తెలుగువాడి నోటికి ఉన్న అలవాట్లన్నీ అక్కడ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. హల్లుతో ముగిసే మాట మనకు ఇబ్బంది. బస్ అనలేక బస్సు అంటాము. ‘ఎ’తో మొదలయ్యే మాటకు ముందు మనకు తెలియకుండానే ఒక ‘య’ను అతికిస్తాము. హోటలు మన నోట ఓటేలవుతుంది. ఇవన్నీ వదిలించుకుని, వదిలించుకున్నానన్న గర్వంతో కొత్త ఉద్యోగస్థానానికి చేరాను.

నా విద్యార్థులు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు. కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చమంటే చిటికెలో మార్చేవారు. బస్సు ఎన్ని గంటలకు వస్తుందో ఇంగ్లీషులో అడగమంటే తల వంచుకునేవారు. అందుకని సాయంత్రం నాలుగున్నర తర్వాత, పాఠ్యప్రణాళికతో సంబంధం లేకుండా, ఇష్టమైనవారికి ఒక తరగతి ప్రారంభించాను. పద్ధెనిమిది మంది వచ్చారు. వారికి ‘పిగ్మేలియన్’ చెప్పాలని నిశ్చయించుకున్నాను.

షేక్స్పియరును ఎందుకు ఎంచుకోలేదని సహోపాధ్యాయులు అడిగారు. భాష నేర్చుకునేవాడికి నాలుగు వందల ఏళ్ళనాటి పద్యం కంటే మనుషులు గదిలో కూర్చుని మాట్లాడుకునే వచనం మేలని చెప్పాను. అది నిజమే. కాని అసలు కారణం వేరు. ఆ నాటకంలో నాయకుడు ఉచ్చారణశాస్త్ర పండితుడు. హెన్రీ హిగ్గిన్స్ అనే ఆ ఆచార్యుడు లండన్ వీధిలో పూలమ్ముకునే ఇలైజా డూలిటిల్ అనే పిల్లకు కొద్ది నెలలు ఉచ్చారణ నేర్పి, ఆమెను డచెస్‌గా నలుగురి ముందు నిలబెడతానని పందెం వేస్తాడు. గెలుస్తాడు కూడా. మా వంటి ఉపాధ్యాయులకు సాహిత్యంలో అంతటి పెద్దపీట మరెవరు వేశారు? ఆ నాటకం చదివినప్పుడల్లా నేను ఎవరినని అనుకునేవాడినో వేరే చెప్పనక్కరలేదు.

నాటకం వానతో ఆరంభమవుతుంది. లండన్‌లో కోవెంట్ గార్డెన్ దగ్గరి ఒక చర్చి ముఖమంటపం కింద జనం తడవకుండా నిలబడి, వాన ఎప్పుడు వెలుస్తుందా అని విసుక్కుంటూ ఉంటారు. మొదటిరోజు అక్కడే ఆగిపోయాము. వాన పడితే విసుక్కోవడమేమిటో మా పిల్లలకు అర్థం కాలేదు. కరవు నేల అది. బ్రతుకుతెరువు కోసం ఆనకట్టల పనులకు దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల బిడ్డలు కొందరు ఆ గదిలోనే ఉన్నారు. వానను చూసి ముఖం చిట్లించే మనిషిని వారు అపనమ్మకంగా చూశారు. నేను నవ్వి, పుట తిప్పాను. ఆ అపనమ్మకంలో నాకు పనికివచ్చే పాఠం ఉందని అప్పటికి తట్టలేదు.

రెండవరోజు అసలైన చిక్కు వచ్చింది. ఇలైజా మాట్లాడే లండన్ పేటల భాషను షా మొదటి రెండు మూడు మాటల వరకు చెవికి వినిపించినట్టే అక్షరాలలో పెట్టి, ఇది లండన్ వెలుపలివారికి అర్థం కాదని ఆ ప్రయత్నం తానే మానుకున్నాడు. ఇంగ్లీషు ఒప్పుగా రాయడానికే కష్టపడుతున్న పిల్లల ముందు తప్పుల ఇంగ్లీషు పెట్టి, ఇది తప్పు అని చూపించి, ఎందుకు తప్పో చెప్పి, ఆ తప్పుకు నవ్వమంటే వారేం నవ్వుతారు? నవ్వు రావాలంటే చెవికి తెలిసిన భాష కావాలి.

అప్పుడు నాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఈ నాటకాన్ని మొదట చూసినవారు ఇంగ్లీషువారు కారు. 1913 అక్టోబరులో వియన్నా నగరంలో జర్మన్ అనువాదంగా దీని తొలి ప్రదర్శన జరిగింది. లండన్ రంగస్థలం మీదికి 1914 ఏప్రిల్‌లో గాని రాలేదు. ఇంగ్లీషు ఉచ్చారణ గురించిన నాటకం జర్మన్‌లో నడిచిందంటే, తెలుగులో నడవదా? పు.ల. దేశ్‌పాండే 1975లోనే దీనిని ‘తీ ఫూలరాణీ’ పేరుతో మరాఠీ చేశాడు. సరే, మనమూ తెలుగులో చెప్పుకుని, ఆ తర్వాత ఇంగ్లీషులోకి వెళదామన్నాను.

“పూలపిల్ల ఏ తెలుగు మాట్లాడాలె సార్?” అని వెనుక బెంచీలోంచి ఒక కుర్రవాడు అడిగాడు.

“మీ తెలుగు,” అన్నాను తడుముకోకుండా. “హిగ్గిన్స్ నా తెలుగు మాట్లాడతాడు.”

తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆ రోజులలో మన సినిమాలు చూసినవారికి ఎవరికైనా కనిపించేది కాదు. కథానాయకుడు ఒక తెలుగు మాట్లాడేవాడు. తెలంగాణ మాట చాలావరకు హాస్యగాడికో, రౌడీకో దక్కేది. విచిత్రమేమంటే, నేను తలపై పెట్టుకుని పూజించే ‘కన్యాశుల్కం’ విజయనగరం వాడుక మాటలలో రాసినది. 1892లో అది మొదట ప్రదర్శితమైంది. గురజాడవారి పాత్రలు ఉత్తరాంధ్ర పలుకుబడిలో మాట్లాడితే అది మహాసాహిత్యమని తరగతులలో చెప్పినవాణ్ణి, నా ఎదుట కూర్చున్నవారి పలుకుబడి మాత్రం పూలపిల్లకు సరిపోతుందని నిర్ణయించాను.

నవ్వనివారు ఒకరున్నారు. కొల్లాపూర్ వైపు నుండి వచ్చి వసతిగృహంలో ఉండి చదువుకుంటున్న అమ్మాయి. తరగతిలో అందరికంటే చురుకైనది. ఇలైజా పేరులో ఇంగ్లీషువారు పలికే ఒక ధ్వని ఉంది. మనం ‘జ’ అని రాసుకుంటాము గాని అది మన ‘జ’ కాదు. నేను అద్దం ముందు రోజుల తరబడి కష్టపడి సాధించిన ఆ ధ్వనిని ఆ అమ్మాయి మొదటిసారే పలికింది. ఎలా వచ్చిందని అడిగితే, “బజార్ల ఉర్దూ మాట్లాడ్తరు గద సార్,” అన్నది. జిందగీ, జరూర్ అన్న మాటలు వింటూ పెరిగినవారికి అది కొత్త కాదు. నా శాస్త్రానికి కొంత చిన్నతనమనిపించింది కాని, పైకి మెచ్చుకున్నాను.

ఇలైజా మొదటి మాటలను ఎవరి తెలుగులో వారు రాసుకురమ్మని ఇంటిపని ఇచ్చాను. పదిహేడు మంది వాడుక మాటలలో, కొందరు నన్ను నవ్వించాలని మరికొంత కారం దట్టించి, రాసుకువచ్చారు. ఆ అమ్మాయి ఒక్కతే పాఠ్యపుస్తకంలో అచ్చు వేయదగిన శుద్ధమైన తెలుగులో రాసింది. సంధి తప్పలేదు, సమాసం తప్పలేదు. పుట చివర మాత్రం చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. “మా తెలుగు నవ్వనీకేనా సార్?”

నేను ఎర్ర సిరాతో ‘బాగున్నది’ అని రాసి, సంతకం చేసి, పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ ప్రశ్న నేను చూడలేదనుకోవడానికి వీలులేకుండా నా సంతకం సరిగ్గా దాని కిందనే పడింది.

ఆ తర్వాత ఆమె తరగతికి వచ్చేది కాని చదవమంటే తల అడ్డంగా ఊపేది. రెండవ అంకంలోకి వెళ్ళాము. పూలపిల్ల టాక్సీ కట్టించుకుని హిగ్గిన్స్ ఇంటికి వస్తుంది. వీధిలో కాదు, పూల దుకాణంలో కొలువు కావాలి, అందుకు మాట తీరు మార్చుకోవాలి, పాఠం చెప్పమంటుంది. పాఠానికి ఒక షిల్లింగు ఇస్తానని బేరం కూడా పెడుతుంది. హిగ్గిన్స్ లెక్క వేసి, ఆమె సంపాదనలో ఆ షిల్లింగు వంతును బట్టి చూస్తే కోటీశ్వరుడు ఇచ్చే పెద్ద మొత్తానికి సమానమని ఆశ్చర్యపోతాడు. ఈ ఘట్టాన్ని నేను ఎప్పుడూ హిగ్గిన్స్ ఔదార్యానికి నాందిగానే చెప్పేవాణ్ణి. ఆ రోజు చాలాకాలానికి ఆ అమ్మాయి నోరు విప్పింది.

“ఆమె ఉత్తగ రాలే సార్. ఫీజు కడ్త అనుకుంటనే వచ్చింది.”

అంతే అని కూర్చున్నది. నేను ఆ పుటను ఎన్నిసార్లు చదివి ఉంటాను! ఆ పిల్ల దానం అడగడానికి రాలేదన్న విషయం అక్కడ కళ్ళకు కట్టినట్టే ఉంది. తనకున్నదానిలోంచి వెల ఇచ్చి విద్య కొనుక్కోవడానికి వచ్చింది. నాకు కనిపించినది మాత్రం పండితుడి గొప్ప మనసు.

మూడవ అంకం ఈ నాటకానికంతటికీ నవ్వుల పంట. ఉచ్చారణ కుదిరింది గాని మాట్లాడవలసిన విషయం ఇంకా కుదరని ఇలైజాను హిగ్గిన్స్ తన తల్లి ఇంట పెద్దమనుషుల మధ్య కూర్చోబెడతాడు. ఆమె ఒక్క అక్షరం జారకుండా, దొరసాని గొంతుతో, తన పేటలోని సంగతులు చెబుతుంది. తన పినతల్లి వరుస ఆమె ఒకావిడ జ్వరంతో పోయిందని లోకమంటుంది గాని, ఆమెను ఎవరో మట్టుపెట్టారని తన అనుమానమంటుంది. తనకు రావలసిన ఆమె కొత్త టోపీ మాయమైంది. దానిని కాజేసినవారే ఆమెనూ కాజేశారంటుంది. ఆ మాట తీరుకూ, ఆ విషయానికీ ఉన్న పొంతనలేమికి ప్రేక్షకులు పొట్టలు పట్టుకుంటారు. నేను ఆ ఘట్టాన్ని అభినయిస్తూ చదివి, నవ్వు కోసం ఆగాను.

ఎవరూ నవ్వలేదు. అర్థం కాలేదేమోనని తెలుగులో మళ్ళీ చెప్పాను. అర్థమైంది. అందుకే నవ్వలేదు.

“ఒక మనిషి సచ్చిపోయింది. గండ్ల నవ్వుడేమున్నది సార్?” అని ఆ అమ్మాయే అడిగింది.

వైద్యం అందక పోయినవారినీ, ఎలా పోయారో ఎవరూ విచారించనివారినీ ఎరిగిన ఇళ్ళ నుండి వచ్చిన పిల్లలు వారు. ఒక టోపీకి ప్రాణం పోయి ఉండవచ్చుననే బీదతనం వారికి హాస్యం కాలేదు. షా ఆ సంభాషణలో నవ్వు కింద ఏం దాచాడో, ఆ గదిలోని పెద్దమనుషులకు ఏది వినపడలేదో, నాకు నా విద్యార్థులు చెప్పారు. ఆ అంకంలో ఇలైజా నోట వచ్చే ఒక తిట్టుమాటకు 1914లో లండన్ ప్రేక్షకులు అదిరిపోయారని చెప్పి, వాతావరణం తేలిక చేయబోయాను. ఆ మాట నెత్తురుకు సంబంధించినదని వివరించాను. అందులో తిట్టేముందని వారు నన్ను అడిగారు. తిట్టు ఏ భాషలోదైనా అనువాదానికి లొంగదన్న ఒక్క సంగతి మాత్రం ఆ సాయంత్రం తేలింది.

ఈ నాటకాన్ని తెలుగు చేయాలంటే ఇంగ్లీషులో లేని ఇబ్బంది ఒకటి ఎదురవుతుంది. ఇంగ్లీషువాడు రాజునైనా, రాణినైనా, పూలపిల్లనైనా ఒకే మాటతో పిలుస్తాడు. మనకు నువ్వు వేరు, మీరు వేరు. హిగ్గిన్స్ ఇలైజాను నువ్వు అంటాడనడంలో ఎవరికీ సందేహం లేదు. అతని స్నేహితుడు కల్నల్ పికరింగ్ మాత్రం మొదటిరోజు నుండే ఆమెను మర్యాదగా ‘మిస్ డూలిటిల్’ అని పిలుస్తాడు. తన అసలు చదువు ఆ పిలుపుతోనే మొదలైందని చివరి అంకంలో ఇలైజా అతనికి చెప్పుకుంటుంది. కనుక పికరింగ్ నోట మీరు, అండి రావాలని నేను బోర్డు మీద రాశాను.

“అండి ఎందుకు సార్?” అని ఒక కుర్రవాడు లేచాడు. “నేను మా నాయిననే నువ్వు అంట. మర్యాద లేకనా? మీకు చెప్పాల్నంటె చెప్పుండ్రి సార్ అంట. అండి అనం.”

నా ముఖం వెచ్చబడింది. వచ్చిన మొదటి నెలలో ఈ పిల్లలకు పెద్దాచిన్నా లేదని సహోపాధ్యాయుల గదిలో నేనే ఫిర్యాదు చేశాను. మాట చివర అండి అనడం నేర్చుకోమని తరగతిలో గద్దించాను కూడా. వారి గౌరవం ‘చెప్పుండ్రి’లో ఉంది, ‘కూసోండ్రి’లో ఉంది, నాకు దారి ఇచ్చి పక్కకు ఒదిగి నిలబడడంలో ఉంది. ఉచ్చారణశాస్త్రంలో శిక్షణ పొందిన నా చెవులకు అది వినపడలేదు.

ఆ సాయంత్రం తరగతి ముగిశాక ఆ అమ్మాయిని పాత ఇంటిపని పుస్తకం అడిగాను. నా ‘బాగున్నది’ కొట్టివేసి, ఆమె ప్రశ్న కింద ‘కాదు. తప్పు నాది’ అని రాశాను. ఆమె చదువుకుని పుస్తకం మూసి, వెళ్ళిపోయింది.

మరునాడు వచ్చి, కళాశాల వార్షికోత్సవానికి మొదటి అంకంలోని ఘట్టం ఒకటి వేద్దామన్నది. సంతోషించి, నువ్వు ఇలైజా వేస్తావా అన్నాను.

“నేను హిగ్గిన్స్ ఏస్త సార్. మీరు పూలపిల్ల ఏయుండ్రి.”

ఈలోగా మేము నాటకం చివరి పుటలకు వచ్చాము. ఇలైజా చివరకు ఎవరిని పెళ్ళాడుతుందన్న తగాదా షా బ్రతికుండగానే పెద్దది. 1914 లండన్ ప్రదర్శనలో హిగ్గిన్స్ పాత్ర ధరించిన బీర్బోమ్ ట్రీ తెర పడేముందు ఇలైజా మీదికి పూలు విసిరి, వారిద్దరికీ ప్రేమ కుదిరినట్టు సూచించేవాడు. షాకు ఒళ్ళు మండింది. 1916లో ఒక దీర్ఘమైన వచనాన్ని నాటకం చివర చేర్చి, ఆమె హిగ్గిన్స్‌ను కాదు, ఫ్రెడీ అనే పేద యువకుణ్ణి పెళ్ళాడి పూల దుకాణం పెట్టుకున్నదని తేల్చాడు. అయినా లోకం వినలేదు. నా తరగతిలోనూ ఎక్కువమంది హిగ్గిన్స్‌కే ఇచ్చి చేశారు. మన సినిమాల అలవాటు. ఆ అమ్మాయి మాత్రం, “పెండ్లి తర్వాత సార్. ముందుగాల ఆమె పంతులమ్మ గావొచ్చు గద, విద్య అయితే వచ్చె,” అన్నది. హిగ్గిన్స్‌కు నిజంగా కోపం వచ్చేది ఇలైజా ఆ బెదిరింపు చేసినప్పుడేనని అప్పుడు గమనించాను.

సాధన పదిరోజులు సాగింది. ఆమె నా కళ్ళజోడు అడిగి పెట్టుకున్నది. నా నడక, నేను సుద్దముక్కను రెండు వేళ్ళ మధ్య తిప్పే తీరు, మాట చివర నా సాగదీత, అన్నీ దింపేసింది. నా తెలుగుకూ ఒక యాస ఉందని, దానిని విని పడీపడీ నవ్వవచ్చునని ముప్పై రెండేళ్ళ వయసులో మొదటిసారి తెలుసుకున్నాను. ఇక నా పాత్ర. పూలబుట్ట పట్టుకుని ‘గిట్ల’, ‘గట్ల’ అని అక్కడక్కడ తగిలిస్తే పాలమూరు మాట అయిపోతుందనుకున్నాను. పద్ధెనిమిది మంది గురువులు నా మీద పడ్డారు. ‘లేదు’ అనవలసిన చోట ‘లే’ అని ఎక్కడ ఆపాలో, ‘పోతున్న’లో ఎక్కడ ఊనిక పడాలో, ‘జర’ అన్నప్పుడు ఎంత మెత్తగా అనాలో ఒక్కొక్కటే దిద్దారు. అది ఇష్టం వచ్చినట్టు విరిచిన నా తెలుగు కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది, తప్పితే తప్పే.

వార్షికోత్సవం నాటి ప్రదర్శన బాగానే జరిగింది. నాకు చప్పట్లకంటే నవ్వులు ఎక్కువ వచ్చాయి. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి బి.ఎడ్.కు వెళ్ళిందని తెలుసు. రెండేళ్ళకు నాకు మళ్ళీ బదిలీ అయింది.

సాధన చేసేటప్పుడు నా తప్పులు నేనే వినాలని టేపు రికార్డరు పెట్టేవాణ్ణి. ఆ క్యాసెట్లలో ఒకటి ఇంకా నా దగ్గర ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన రోజు ఊరంతా బాణసంచా మోగుతుండగా దానిని తీసి విన్నాను. టేపు అక్కడక్కడ సాగి, గొంతులు బరువెక్కాయి. అయినా మాటలు తెలుస్తున్నాయి. నేను ఒక వాక్యం చెబుతాను. గది నిండా నవ్వు. మళ్ళీ చెబుతాను. ఈసారి నవ్వు కొంచెం తక్కువ. ఆ తర్వాత ఆ అమ్మాయి గొంతు, నిదానంగా, పాఠం చెప్పేవారి ఓపికతో వినిపిస్తుంది.

“గట్ల కాదు సార్. మీరు చదువుతున్నరు, మాట్లాడ్తలేరు. మల్లొక్కసారి చెప్పుండ్రి.”